వలస కుటుంబానికి తోడుగా ఆఫీసుల చుట్టూ తిరిగేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

పని కోసం హైదరాబాద్‌కు, చుట్టుపక్కల జిల్లాలకు వచ్చిన కుటుంబాలకు సాయపడదామనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. శ్రీకాకుళం నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబం, పాలమూరు నుంచి వచ్చిన అడ్డా కూలీలు, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన బిల్డింగ్ పనివాళ్లు, ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఇటుక బట్టీలకు వచ్చినవాళ్లు... ఎవరు ఏ కౌంటర్ దగ్గరికి వెళ్లినా వినపడే మాట ఒకటే: "మీది ఇక్కడి అడ్రస్ కాదు." నిజానికి చాలా సేవలకు ఇక్కడి అడ్రస్ అక్కర్లేదు. ఆ సంగతి ఎవరూ చెప్పక, నెలల తరబడి రేషన్, బడి, టీకాలు వదులుకుంటున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## వచ్చిన కొత్తలో

మా వీధి చివర కొత్తగా ఒక కుటుంబం దిగింది. సాయం చేయాలని ఉంది, ముందు ఏం అడగాలి?

కాగితాల గురించి కాదు, ఇంట్లో ఎవరెవరున్నారో అడగండి. గర్భిణి, పసిబిడ్డ తల్లి, ఐదేళ్లలోపు పిల్లలు, బడి వయసు పిల్లలు, రోజూ మందులు వేసుకునేవాళ్లు ఉన్నారా? ఉంటే వాళ్ల పనితోనే మొదలుపెట్టండి. రేషన్ పది రోజులు ఆలస్యమైతే ఎలాగో నెట్టుకొస్తారు, టీబీ మందులు పది రోజులు ఆగితే చాలా ప్రమాదం. ఆ తర్వాత ఎన్నాళ్లు ఉంటారో అడగండి. బట్టీ పనివాళ్లు మామూలుగా నవంబర్, డిసెంబర్ నెలల్లో వచ్చి, వానలు పడే వేళకు వెళ్లిపోతారు. బిల్డింగ్ పనివాళ్లు ఒక సైట్ అయిపోగానే ఇంకో సైట్‌కు మారతారు. ఆరు నెలలు పట్టే పనిని మూడు నెలలుండే కుటుంబం నెత్తిన పెట్టకూడదు.

ఆధార్‌లో ఊరి అడ్రస్సే ఉంది. ముందు అది మార్పించాలా?

చాలామందికి అవసరం లేదు. రేషన్, టీకాలు, బడి, ప్రసవం, ఈ-శ్రమ్ (అసంఘటిత కార్మికుల నమోదు), వీటిలో దేనికీ ఇక్కడి అడ్రస్‌తో ఆధార్ ఉండి తీరాలన్న నియమం లేదు. పైగా సొంత రాష్ట్రంలో వచ్చే పింఛనో, ఇంటి పథకమో ఉంటే అడ్రస్ మార్చాక అక్కడ చిక్కు రావచ్చు. ఇక్కడే స్థిరపడాలని వాళ్లే నిర్ణయించుకుంటే అప్పుడు మార్పించండి.

మార్పించాల్సింది ఫోన్ నంబర్. ఊరు మారగానే సిమ్ మారుతుంది, ఓటీపీ పాత నంబర్‌కు పోతుంది, దాంతో ప్రతి పనీ అక్కడే ఆగిపోతుంది. ఆధార్ కేంద్రానికి మనిషి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే నంబర్ మారుస్తారు. వేరే కాగితాలు అడగరు. రుసుము కట్టాక రసీదు తీసుకోవాలి. సందేహం ఉంటే 1947 నంబర్‌కు ఫోన్ చేయవచ్చు, తెలుగు, హిందీ, ఒడియాలతో సహా పలు భాషల్లో మాట్లాడతారు.

గుడిసెలో వానకు తడిసిపోతాయని ఒరిజినల్ కాగితాలు మా ఇంట్లో దాచమంటున్నారు. దాచవచ్చా?

వాళ్లు అడిగినా దాచకండి. రాత్రికి రాత్రి సైట్ మారాల్సి వస్తే కాగితాలు మీ బీరువాలో ఉండిపోతాయి. పైగా బట్టీ యజమానులో, మేస్త్రీలో ఆధార్ కార్డులు గుంజుకుని పెట్టుకున్న అనుభవం ఈ కుటుంబాల్లో చాలామందికి ఉంటుంది. మనం మంచి మనసుతో చేసినా అదే అలవాటును మళ్లీ నేర్పినట్టు అవుతుంది. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్ కొనివ్వండి, రెండు సెట్ల జిరాక్స్ తీయించండి, ఫోన్ ఉంటే డిజీలాకర్ (కాగితాలు ఫోన్‌లో దాచుకునే ప్రభుత్వ యాప్) పెట్టించి వాడటం చూపించండి.

## తిండి, వంట

మా వాచ్‌మన్‌ది ఆంధ్రా రేషన్ కార్డు. హైదరాబాద్‌లో బియ్యం ఇస్తారా?

ఇస్తారు. దేశమంతా ఒకే రేషన్ కార్డు విధానం 2019 ఆగస్టులో ప్రయోగంగా మొదలైంది. మొదట కలిపిన జంట రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి, గుజరాత్, మహారాష్ట్ర మరొకటి. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ చేరాయి. దగ్గర్లోని ఏ రేషన్ షాపుకైనా వెళ్లి కార్డు నంబరో, ఆధార్ నంబరో చెప్పి మిషన్ మీద వేలు పెడితే చాలు. కొత్త కార్డు అక్కర్లేదు, ఊళ్లో కార్డు రద్దు చేసుకోనక్కర్లేదు.

రెండు సంగతులు ముందే చెప్పి తీసుకెళ్లండి. మొదటిది, వేరే రాష్ట్రంలో దక్కేది జాతీయ ఆహార భద్రతా చట్టం కింద వచ్చే వాటా మాత్రమే, అంటే మనిషికి నెలకు 5 కిలోలు. అంత్యోదయ (అతి పేదల) కార్డు అయితే కుటుంబానికి 35 కిలోలు. 2023 జనవరి నుంచి ఇది ఉచితం. సొంత రాష్ట్రం అదనంగా ఇచ్చే పప్పు, పంచదార లాంటివి ఇక్కడ రావు. రెండోది, రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు ఈ చట్టం కిందకి రావు కాబట్టి వాటికి వేరే రాష్ట్రంలో బియ్యం రాదు. కార్డు ఏ రకమో మేరా రేషన్ యాప్‌లో చూడవచ్చు, లేదా 14445కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

ఊళ్లో ముసలివాళ్లు అదే కార్డు మీద తీసుకుంటున్నారు. ఇక్కడ తీసుకుంటే వాళ్లకు ఆగిపోతుందా?

ఆగదు. కార్డులోని వాటాను విడదీసి తీసుకునే వీలుంది. ఐదుగురున్న కార్డులో ఇక్కడున్న ముగ్గురి బియ్యం ఇక్కడ తీసుకుంటే, మిగతా ఇద్దరిది ఊళ్లో అమ్మానాన్న తీసుకోవచ్చు. చిక్కెక్కడంటే, ఎవరు ముందు వెళ్లి మొత్తం తీసేసుకుంటే రెండోవాళ్లకు ఆ నెల ఏమీ మిగలదు. అందుకే ఎవరెంత తీసుకోవాలో నెల మొదట్లోనే ఫోన్‌లో మాట్లాడుకోమనండి.

డీలర్ "బయటివాళ్లకు స్టాక్ లేదు" అంటున్నాడు. ఏం చేయాలి?

ముందు వేలిముద్ర వేయించి చూడమని మర్యాదగా అడగండి. మిషన్‌లో వాటా కనిపిస్తే అది వాళ్ల హక్కు. "బయటివాళ్లు" అన్న వర్గం చట్టంలో లేదు. అప్పుడు నిజంగానే సరుకు అయిపోయి ఉంటే, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ చెప్పమనండి, లేదా పక్క షాపుకు వెళ్లండి. ఒకే షాపుకు కట్టుబడాల్సిన పని లేదు. రెండుసార్లు తిప్పి పంపితే 1967కు ఫిర్యాదు చేయండి. షాపు నంబర్ బోర్డు మీద ఉంటుంది, రాసుకోండి.

సిమెంటు, ఇటుకల పనిలో వేలిగీతలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోవడం ఇంకో బాధ. వేరే వేలితో ప్రయత్నించమనండి, కార్డులో ఉన్న ఇంకొకరిని పంపండి, కంటిపాపతో గుర్తించే పరికరం ఉందేమో అడగండి. వేలు పడలేదన్న కారణంతో బియ్యం మానుకోకూడదు.

రేషన్ కార్డు ఈ-కేవైసీ (వేలిముద్రతో గుర్తింపు నిర్ధారణ) కోసం ఊరికి రమ్మంటున్నారట. రానుపోను రెండు వేలు ఖర్చు. తప్పదా?

ఊరికి పోనక్కర్లేదు. ఉన్నచోట రేషన్ షాపులోనే వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ మిషన్ మీద చేయించుకోవచ్చు. కార్డులో ఉన్న ఐదేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ వేలు పెట్టాలి.

అద్దె కాగితం లేదు. గ్యాస్ ఎలా?

5 కిలోల చిన్న సిలిండర్‌ను గుర్తింపు కార్డు ఒక్కటి చూపించి కొనుక్కోవచ్చు, అడ్రస్ రుజువు అడగరు. పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్ ఇచ్చే ఉజ్వల పథకం రెండో దశలో, అంటే 2021 నుంచి, వలస కుటుంబాల మహిళలు అడ్రస్‌కు సొంత ధ్రువీకరణ రాసిస్తే సరిపోతుంది.

## పిల్లలు

అంగన్‌వాడీలో ఇక్కడివాళ్లకే ఇస్తామంటున్నారు. నిజమా?

కాదు. ఆ కేంద్రం పరిధిలో ఉంటున్న ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాలింతలు ఎవరైనా నమోదు చేయించుకోవచ్చు. ఊళ్లో ఇప్పటికే పేరుంటే అంగన్‌వాడీ నమోదుల యాప్ పోషణ్ ట్రాకర్‌లో ఆ పేరును ఇక్కడి కేంద్రానికి మార్చే ఏర్పాటు ఉంది. తల్లి ఆధార్ సరిపోతుంది, బిడ్డకు ఆధార్ లేదని ఆపకూడదు. తెలంగాణలో గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే గుడ్డు, పాలతో పూట భోజనం ఉంటుంది, మూడేళ్లలోపు పిల్లలకు బాలామృతం (పోషకాహార పిండి) ఇస్తారు. తల్లి రోజంతా పనిలో ఉంటుంది కాబట్టి పిల్లల్ని దింపడానికి, తీసుకురావడానికి ఎవరున్నారన్నదే అసలు ప్రశ్న. ఆ సాయం మీరు చేయగలిగితే అన్నిటికంటే విలువైనది అదే.

టీసీ లేదు, ఆధార్ లేదు, జూన్ దాటిపోయింది. గవర్నమెంట్ బడిలో చేర్చుకుంటారా?

చేర్చుకోవాలి. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల విషయంలో 2009 విద్యాహక్కు చట్టం ఈ మూడింటికీ జవాబు చెప్పే ఉంచింది. పాత బడి నుంచి టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకపోవడం కుదరదు (సెక్షన్ 5). వయసు రుజువు లేదని వెనక్కి పంపకూడదు (సెక్షన్ 14). గడువు దాటాక వచ్చినా కాదనకూడదు (సెక్షన్ 15). ఆధార్ లేదని ఏ పిల్లకూ, పిల్లవాడికీ బడి ఆగకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ తీర్పులో తేల్చింది.

వెళ్లేటప్పుడు ఈ సెక్షన్ల నంబర్లు కాగితం మీద రాసుకెళ్లండి, మొదటి నిమిషంలోనే బయటికి తీయకండి. చాలామంది హెడ్మాస్టర్లు ఆన్‌లైన్ ఎంట్రీలో పేరు ఎక్కదేమోనన్న టెన్షన్‌తోనే వెనకాడతారు. "పిల్లను ముందు కూర్చోబెట్టండి సార్, కాగితాలు మేం తెప్పిస్తాం" అంటే సగం మంది ఒప్పుకుంటారు. పాత బడికి ఫోన్ చేసి పిల్లల శాశ్వత విద్యా నంబర్ కనుక్కుంటే ఇంకా తేలిక, ఆ నంబర్‌తో ఇక్కడి బడివాళ్లు పేరు మార్పించుకుంటారు. అప్పటికీ వద్దంటే కారణం రాసివ్వమని అడగండి, మండల విద్యాధికారిని కలవండి.

పదేళ్ల పిల్ల, ఎప్పుడూ బడికి పోలేదు. ఒకటో తరగతిలో వేస్తామంటున్నారు.

వయసుకు తగిన తరగతిలోనే చేర్చాలి, వెనకబడిన చదువు కోసం ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అని అదే చట్టంలో సెక్షన్ 4 చెబుతుంది. ఆరేళ్ల పిల్లల పక్కన పదేళ్ల పిల్లను కూర్చోబెడితే రెండు వారాలకు సిగ్గుతో మానేస్తుంది.

తెలుగు రాదు కదా, బడిలో ఏం అర్థమవుతుంది?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం కూడా ఉంది, హైదరాబాద్‌లో ఉర్దూ మీడియం బడులు చాలా, హిందీ మీడియం కొన్ని ఉన్నాయి. ఇటుక బట్టీలు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో పని చోటే ఒడియాలో చెప్పే బడులు విద్యాశాఖ నడుపుతూ వచ్చింది. మీ దగ్గర బట్టీలుంటే ఈ సీజన్‌కు అలాంటిది ఉందో లేదో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. లేకపోతే, ఎంతమంది పిల్లలున్నారో పేర్లు, వయసులతో జాబితా రాసి ఇవ్వండి. పేర్లున్న జాబితా చేతిలో పెట్టాక "పిల్లలెక్కడున్నారు" అని ఎవరూ అనలేరు. మామూలు బడిలోనే వేస్తే, ఆటల్లో పడి తెలుగు తొందరగానే పట్టుకుంటారు.

## ఆరోగ్యం, ప్రసవం

ఆరో నెల గర్భిణి, ఇక్కడ ఒక్కసారి కూడా చూపించుకోలేదు. ఎక్కడికి తీసుకెళ్లాలి?

దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రానికి, ఊరైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి. ముందు ఆశా కార్యకర్తను పట్టుకోండి, ఆమె దగ్గర పేరు నమోదైతే తర్వాతి పనులు వాటంతటవే సాగుతాయి. ఊళ్లో ఇచ్చిన మాతా శిశు రక్షణ కార్డు ఉంటే తప్పక తీసుకెళ్లాలి, పోతే కొత్తది ఇక్కడే రాస్తారు. 2011 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవం, సిజేరియన్ అయినా, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం అన్నీ ఉచితం. ఏ రాష్ట్రం మనిషైనా సరే. నొప్పులు వస్తే 108. ఆ నంబర్ ఆమె ఫోన్‌లో పెట్టడం కాదు, సైట్ పేరు, దగ్గర్లోని గుర్తు (గుడి, పెట్రోల్ బంకు) తెలుగులో చెప్పడం ఆమె భర్తకు నేర్పండి. అర్ధరాత్రి అంబులెన్స్ దారి తప్పేది అక్కడే.

ఊళ్లో రెండు టీకాలు వేయించారు. మిగతావి ఇక్కడ వేస్తారా, మొదటినుంచీ వేయాలా?

ఆగినచోటు నుంచే వేస్తారు, మొదటికి రానక్కర్లేదు. కార్డు ఉంటే అది, లేకపోతే ఊళ్లో వాడిన ఫోన్ నంబర్ చెబితే టీకాల ఆన్‌లైన్ నమోదు యూ-విన్‌లో చూడగలరు.

ఆయుష్మాన్ కార్డు ఉంది, బిహార్‌ది. ఇక్కడ పనిచేస్తుందా?

ఇది కేంద్ర ఆరోగ్య బీమా పథకం, అందులో చేరిన ఆసుపత్రుల్లో పనిచేస్తుంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు. తెలంగాణ ఇందులో 2021లో చేరింది. అడ్మిట్ అయిన వైద్యానికే ఇది వర్తిస్తుంది, ఓపీకి కాదు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే, బిల్లు మొదలవకముందే ఆరోగ్యమిత్ర (పథకం సహాయకుల) కౌంటర్‌లో కార్డు చూపించాలి. ఏ ఆసుపత్రులు చేరాయో 14555లో చెబుతారు. తెలంగాణ ఆరోగ్యశ్రీ ఇక్కడి కుటుంబాలకే. జ్వరం, దగ్గు, బీపీ లాంటివాటికి ఇవేవీ అక్కర్లేదు. హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి, డాక్టర్, పరీక్షలు, మందులు అన్నీ ఉచితం.

టీబీ మందులు సగంలో ఉండగా వచ్చేశారు.

ఆలస్యం చేయకుండా, వీలైతే ఈరోజే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. నిక్షయ్ నంబర్ (టీబీ రోగికిచ్చే ప్రభుత్వ నమోదు నంబర్) ఉంటే చికిత్సను ఇక్కడికి బదిలీ చేస్తారు, మందులు ఆగవు. చికిత్స నడిచినన్నాళ్లూ పోషణకు నెలకు 1,000 రూపాయలు ఖాతాలో పడాలి. నంబర్ పోయినా 1800-11-6666లో సాయం చేస్తారు.

డాక్టర్ చెప్పింది వాళ్లకు అర్థం కావడం లేదు, మేం రోజూ ఉండలేం.

మందుల స్ట్రిప్ మీదే స్కెచ్ పెన్నుతో పొద్దుటికి సూర్యుడు, రాత్రికి చంద్రుడు, తిన్నాకైతే పళ్లెం బొమ్మ వేయించండి. డాక్టర్ మాట్లాడేటప్పుడు జవాబు మీరు చెప్పకండి, ఆమెనే చెప్పనివ్వండి. కడుపు, నెలసరి, కాన్పు విషయాలైతే మగవాళ్లు బయట కూర్చోవడమే మంచిది. పిల్లలతో అనువాదం చేయించకండి.

## పని, కూలి

ఈ-శ్రమ్ కార్డు చేయిస్తే డబ్బులొస్తాయా?

కార్డు చేయించినందుకు డబ్బు రాదు, అలా చెప్పి వసూలు చేసేవాళ్లను నమ్మకండి. అది అసంఘటిత కార్మికుల జాతీయ నమోదు, 2021 ఆగస్టు 26న మొదలైంది. 16 నుంచి 59 ఏళ్లవాళ్లు, పీఎఫ్, ఈఎస్ఐ లేనివాళ్లు, ఆదాయపు పన్ను కట్టనివాళ్లు చేరవచ్చు. నమోదు ఉచితం. అయినా చేయించమనే చెబుతాను. రేషన్ కార్డే లేని వలస కార్మికులకు కార్డులివ్వమని సుప్రీంకోర్టు ప్రభుత్వాలను ఆదేశించినప్పుడు లెక్కకు తీసుకున్నది ఈ నమోదునే. హెల్ప్‌లైన్ 14434.

బిల్డింగ్ పనివాళ్లకు వేరే కార్డు ఉందంటారు, అది వేరే రాష్ట్రంవాళ్లకు ఇస్తారా?

ఇస్తారు. 1996 చట్టం కింద ఏర్పడిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో, పనిచేసే రాష్ట్రంలోనే నమోదు చేయించుకోవాలి. వయసు 18 నుంచి 60, గడిచిన ఏడాదిలో 90 రోజుల పని ఉండాలి. కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్ బిల్డర్ల నుంచి వసూలయ్యేది ఈ కార్మికుల కోసమే. కానీ 90 రోజుల పనికి సంతకం పెట్టేవాళ్లు దొరకరు. మీ అపార్ట్‌మెంట్ కడుతున్నప్పుడు, ఇల్లు కట్టించుకుంటున్నప్పుడు ఆ సంతకం పెట్టించడం మీ చేతిలో పని.

మేస్త్రీ మూడు నెలల కూలి ఎగ్గొట్టి ఫోన్ ఆపేశాడు.

మేస్త్రీ పారిపోయినా పని చేయించుకున్న కంపెనీ బాధ్యత పోదు. కాంట్రాక్టర్ కూలి ఇవ్వకపోతే అసలు యజమానే చెల్లించాలని చట్టం. అందుకే సైట్ బోర్డు ఫొటో, మేస్త్రీ ఫోన్ నంబర్, హాజరు రాసుకున్న పుస్తకం, కలిసి పనిచేసినవాళ్ల పేర్లు ముందు పోగుచేయండి. వీటితో సహాయ కార్మిక కమిషనర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతన కోడ్ ప్రకారం మూడేళ్లలోపు అడగవచ్చు. లాయర్ కావాలంటే 15100 న్యాయసేవల నంబర్. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్‌ను ఉచితంగా ఇస్తారు.

సైట్‌లో పడి కాలు విరిగింది. "ఇంట్లో పడ్డానని చెప్పు" అంటున్నారు.

అలా చెప్పనివ్వకండి. పనిలో ఉండగా, ఫలానా సైట్‌లో జరిగిందని ఆసుపత్రి కాగితంలో మొదటి రోజే రాయించాలి, మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమనాలి. తర్వాత నష్టపరిహారం నిలిచేది ఆ ఒక్క వాక్యం మీదే.

బట్టీలో అడ్వాన్స్ తీరేదాకా వెళ్లనివ్వడం లేదట.

ఇది వెట్టిచాకిరీ. 1976 చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు, మనిషిని ఆపడం నేరం. మీరొక్కరే బట్టీకి వెళ్లి యజమానితో వాదించకండి, రాత్రికి రాత్రి కుటుంబాన్ని వేరేచోటికి తరలించేస్తారు. కలెక్టర్‌కు లేదా ఆర్డీఓకు రాసివ్వండి, తక్షణ ప్రమాదమైతే 112, పిల్లలుంటే 1098. విడిపించాక అధికారులిచ్చే విడుదల పత్రం తప్పక తీసుకోవాలి, సాయం అంతా దానిమీదే వస్తుంది.

## కౌంటర్ దగ్గర

ప్రతిసారీ నేనే వెళ్లాల్సి వస్తోంది. ఇది ఎన్నాళ్లు?

మొదటిసారి మీరు మాట్లాడండి, వాళ్లు వింటారు. రెండోసారి వాళ్లు మాట్లాడతారు, మీరు పక్కన నిలబడండి. మూడోసారి మీరు గేటు బయటే ఉండండి. "మా అక్క", "మా అన్న" అని పరిచయం చేయండి, "మా పనివాళ్లు" అని కాదు. ఆ ఒక్క మాటతో కుర్చీ అవతలి మనిషి గొంతు మారుతుంది. కాగితం ఇచ్చిన ప్రతిచోటా రసీదు, తేదీ, అధికారి హోదా రాసుకోవడం ఆ ఇంట్లో చదువుకున్న పిల్లకో, పిల్లవాడికో అప్పగించండి.

## వెళ్లిపోయేటప్పుడు

వచ్చే వారం ఊరికి పోతున్నారు. ఏమేం చేతికివ్వాలి?

పిల్లల టీసీ. అడిగిన వెంటనే ఇవ్వాలని చట్టం, ఆలస్యం చేసే హెడ్మాస్టర్ మీద చర్య తీసుకోవచ్చు. మాతా శిశు రక్షణ కార్డు, టీకాలు ఎంతవరకు అయ్యాయో అందులో రాయించి. రోజూ వాడే మందులుంటే దారి ఖర్చుకు కనీసం రెండు వారాలవి, డాక్టర్ చీటీతో.

బిడ్డ ఇక్కడ పుట్టి ఉంటే జనన ధ్రువపత్రం తప్పనిసరి. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, ఊరికి వెళ్లాక అక్కడ ఇవ్వరు. 21 రోజుల్లో చెబితే రుసుము లేదు. ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబర్ 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టినతేదీ రుజువు ఈ పత్రమే, బడికైనా, ఆధార్‌కైనా. ఆసుపత్రిలో పుట్టి ఉంటే వివరాలు వాళ్లే పంపుతారు, తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే పడ్డాయో లేదో అక్షరం అక్షరం చూడండి. ఒడియా, హిందీ పేర్లు ఇక్కడ రాసేటప్పుడు తప్పులు పడటం మామూలే, సవరణ కోసం వందల కిలోమీటర్లు వెనక్కి రావాల్సి వస్తుంది. పేరు ఇంకా పెట్టకపోయినా నమోదు చేయించవచ్చు, ఏడాదిలోపు పేరు చేర్చడం ఉచితం.